జీతం ఆగిన నెల
(ఉద్యోగంలో ఎందాకా ఉండాలి? ఎప్పుడు బయటికి రావాలి?)



పోయిన వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే పంపుల దగ్గర, మన హాస్టల్లోనే చదివిన ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, జీతమిచ్చి మూడు నెలలైంది. మానేద్దామంటే పాత బాకీ పోతుందేమోనని భయం. ఉందామంటే ఇంట్లో గడవటం లేదు. ఏం చెయ్యమంటావు?" అన్నాడు. కానూరు వైపు ఒక చిన్న సంస్థలో లెక్కలు రాస్తున్నాడు. పంపు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. "రేపు ఫోను చెయ్యి" అన్నాను. తర్వాత వార్డెన్ గారు ఈ సంచికకు "పిల్లలకు పనికొచ్చే పాఠం ఏదన్నా రాయవోయ్" అనేసరికి నాకు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవారికి మన విజయవాడలో కొదవ లేదు. బెంజి సర్కిల్లో ఏ వైపు తలెత్తినా కోచింగు బోర్డులే. ఉద్యోగం ఎప్పుడు వదలాలో చెప్పే బోర్డు ఒక్కటి కూడా నాకు కనపడలేదు. ఇంటర్వ్యూకు ఏ చొక్కా వేసుకోవాలో నేర్పిస్తారు గానీ, జీతం ఆగితే ఎన్ని నెలలు ఆగాలో నేర్పరు.

ఈ పాఠం అందరికంటే మనకే ఎక్కువ అవసరం. ఎందుకంటే హాస్టల్లో చదివినవాడికి ఇంటి దగ్గరనుంచి డబ్బు రాదు. మనమే పంపాలి. నెల జీతం ఆగితే అక్కడ అమ్మ డ్వాక్రా కిస్తీ ఆగుతుంది, చెల్లెలి ఫీజు ఆగుతుంది. రెండో సంగతి, మన ఇళ్ళల్లో చాలామందికి ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటివాళ్ళం మనమే. కంపెనీ వ్యవహారాలు చెప్పే మేనమామో పెదనాన్నో మనకు లేడు. మూడోది అసలైనది. మొదటి ఉద్యోగం ఇచ్చినవాడంటే మనకు దేవుడితో సమానం. "అన్నం పెట్టిన చేయి" అనుకుంటాం. మానేస్తే "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అని అంటారేమోనని కుంగిపోతాం. ఊళ్ళో కూడా "ఫలానావాడి కొడుకు ఉద్యోగం మానేశాడంట" అంటే ఏదో తప్పు చేసి వచ్చినట్లే చూస్తారు. ఈ మూడూ కలిసి నన్ను ఏడు నెలలు కట్టిపడేశాయి. ఆ కథ చెబుతాను.

ఆటోనగర్ ఆఫీసు

2014 జూన్‌లో, బి.కాం. పాసైన నెలకే, ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. పేరు రాయను, అది మనకు అనవసరం. పన్నెండు బళ్ళు, డ్రైవర్లు, క్లీనర్లు, ఆఫీసు వాళ్ళు కలిసి ఇరవై ఎనిమిది మందిమి. ట్రిప్ షీట్లు రాయటం, డ్రైవర్లకు బత్తా ఇవ్వటం, డీజిల్ బంకు బిల్లులు సరిచూడటం, ఫైనాన్సు కిస్తీల తేదీలు గుర్తుపెట్టుకోవటం నా పని. ఓనరు గారు మంచి మనిషే. నా మొదటి దసరాకు బట్టలు పెట్టారు. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడగకుండా ఐదువేలు చేతిలో పెట్టారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డవాడి దగ్గరనుంచి బయటపడటం తేలిక. మంచివాడు వ్యాపారం సరిగా చూసుకోనప్పుడే మనకు కష్టం.

2016 తర్వాత ఆయన దృష్టి లారీల మీదనుంచి భూముల మీదకు పోయింది. 2015 అక్టోబర్ 22న అమరావతికి శంకుస్థాపన జరిగిన దగ్గరనుంచీ కృష్ణకు అటు ఇటు ఏ టీకొట్టు దగ్గర చూసినా గజాల లెక్కలే. వచ్చిన కిరాయిలు బళ్ళకు ఖర్చుపెట్టకుండా తుళ్ళూరు వైపు స్థలాలకు బయానాలుగా పోయాయి. చెక్కులు రాసింది నేనే. వ్యాపారంలో నష్టం వచ్చిందేమోనని బయటివాళ్ళు అనుకున్నారు. నష్టం లేదు తమ్ముళ్ళూ! బళ్ళు నిండుగానే తిరుగుతున్నాయి. కిరాయి డబ్బు ఆఫీసులో నిలవలేదు, అంతే.

మొదట బంకువాడు అరువు ఆపాడు. కొత్త టైర్ల బదులు రీట్రేడింగ్ టైర్లు వచ్చాయి. రెండు బళ్ళకు ఇన్సూరెన్సు తేదీ దాటిపోయింది. డ్రైవర్ల బత్తాలో కోత మొదలైంది. మంచి డ్రైవర్లు ఇద్దరు చెప్పకుండా వేరే ఆఫీసుకు పోయారు. ఇవన్నీ జరిగాక ఏడాదికి గానీ నా జీతం ఆగలేదు. 2019 సెప్టెంబర్ జీతం రాలేదు. అక్టోబర్ కూడా అంతే. "స్థలం ఒకటి అమ్ముతున్నాను, దసరాకు సర్దేస్తా"నన్నారు, తర్వాత "సంక్రాంతికి" అన్నారు. నవంబర్‌లో గన్నవరం దగ్గర ఒక గోడౌనులో స్టోర్సు ఉద్యోగానికి నన్ను పిలిచారు. జీతం దాదాపు అంతే. ఓనరు గారికి చెబితే, "నువ్వు కూడా పోతే ఆఫీసు ఎవరు చూస్తారబ్బాయ్?" అన్నారు. ఆగిపోయాను. డిసెంబర్ 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది. అమరావతి వైపు భూమి కొనేవాడు లేకుండా పోయాడు. మార్చి 25న లాక్‌డౌన్. లారీలు నిలిచిపోయాయి. గోడౌను వాళ్ళు ఎప్పుడో వేరే మనిషిని పెట్టుకున్నారు. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా ఏడు నెలల జీతం, నెలకు 13 వేల చొప్పున 91 వేలు బాకీ పెట్టుకుని, ఏప్రిల్‌లో ఖాళీ చేతులతో ఊరికి చేరాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. నేను లాంతరు ఆరిపోయాక సామాను వెతుక్కున్నవాణ్ణి.

శివారు పొలం లెక్క

డెల్టాలో పుట్టినవాడికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు తగ్గితే మొదట తెలిసేది ఎవరికి? కాలువ తల దగ్గర పొలమున్నవాడికి కాదు. నాగాయలంక, కృత్తివెన్ను వైపు శివారు రైతుకు. తలకాలువ నిండుగా కనపడుతూ ఉండగానే శివారులో నారుమడి నెర్రెలిస్తుంది. కంపెనీ కూడా అంతే. డబ్బు తగ్గితే మేనేజరు ఏ.సి. గది చివరిదాకా చల్లగానే ఉంటుంది. ముందు ఎండేది డ్రైవరు బత్తా, స్వీపరు జీతం, టీకొట్టువాడి ఖాతా. కాబట్టి మీ సంస్థ సంగతి తెలుసుకోవాలంటే ఓనరు గారి ముఖం చూడకండి. టీ తెచ్చే కుర్రవాణ్ణి "మీ ఓనరుకు మావాళ్ళు ఎంత బాకీ?" అని అడగండి.

నిజానికి ఈ విద్య మనకు హాస్టల్లోనే వచ్చు. సరుకుల బిల్లు పాసు కాలేదని వార్డెన్ గారు ఎప్పుడైనా మనకు నోటీసు పెట్టారా? పప్పుచారు పలచబడితే మనకే తెలిసేది. గుడ్డు రోజున గుడ్డు రాకపోతే, ఇంకో వారంలో నూనె కూడా తగ్గుతుందని ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్పేవాడు. అదే కుర్రవాడు పెద్దయి ఆఫీసులో కుర్చీ ఎక్కగానే పప్పు చూడటం మరచిపోతాడు. నేను మరచిపోయాను.

పని నిజమా, కాదా?

ఇక రెండు పెద్ద కథలు. రెండూ మన తెలుగువాళ్ళవే.

మన విజయవాడ ఆంధ్రా లొయోలా కాలేజీలో చదువుకున్న బి. రామలింగరాజు 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ స్థాపించారు. అందులో ఉద్యోగమంటే 2000 తర్వాతి ఏళ్ళలో మనవైపు పెళ్ళి సంబంధాలకు కూడా హోదా. 2009 జనవరి 7న ఆయన రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని అందులో ఉంది. యాభైవేలకు పైగా ఉద్యోగులున్నట్లు చెప్పుకున్న కంపెనీ అది. ఆ రోజు వాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

కానీ మూడు వారాల ముందే ఒక గుర్తు కనపడింది. 2008 డిసెంబర్ 16న సత్యం, రాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. వాటాదారులు గగ్గోలు పెట్టేసరికి గంటల్లోనే వెనక్కి తీసుకుంది. కంప్యూటర్ పని చేసే కంపెనీకి భూములు, కట్టడాల కంపెనీలు ఎందుకు? ఆటోనగర్‌లో పన్నెండు లారీల ఓనరుకైనా, వేలకోట్ల కంపెనీ యజమానికైనా ఈ ప్రశ్న ఒక్కటే. ఈ వ్యాపారంలో వచ్చిన డబ్బు ఈ వ్యాపారంలోనే ఉంటున్నదా, లేక యజమాని ఇంకో జేబులోకి పోతున్నదా?

సత్యంలో ఆ తర్వాత జరిగింది కూడా గమనించండి. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ వంటివారితో కొత్త బోర్డు వేసింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. జూన్‌లో పని లేని వేలమందిని వర్చువల్ పూల్ అనే జాబితాలో పెట్టి తక్కువ జీతంతో ఇంట్లో ఉండమన్నారు. వాళ్ళకు కష్టమే. అయినా ఎక్కువమంది ఉద్యోగాలు నిలిచాయి. 2013లో సత్యం పూర్తిగా టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఎందుకు నిలిచిందంటే, లెక్కలు అబద్ధమైనా పని నిజం. అమెరికా కంపెనీలకు వాళ్ళు రాసి ఇచ్చిన ప్రోగ్రాములు నిజం, వాటికి వచ్చే బిల్లులు నిజం. అటువంటి చోట కొన్నాళ్ళు ఓపిక పట్టినవాడు పూర్తిగా మోసపోలేదు.

రెండో కథ మన ఊరిదే. అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఈ సంస్థ స్థలాలిస్తామని, ఎక్కువ రాబడి ఇస్తామని చెప్పి ఎనిమిది రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయల దాకా సేకరించింది. 2014 చివరినుంచి చెల్లింపులు నిలిచాయి. 2015లో సి.ఐ.డి. దర్యాప్తు, 2016 ఫిబ్రవరిలో చైర్మన్ అరెస్టు జరిగాయి. ఇక్కడ డిపాజిటుదారుల గురించి అందరూ మాట్లాడారు. మనలాంటి కుర్రవాళ్ళు చాలామంది ఏజెంట్లుగా చేరారు, వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడలేదు. కమిషను కోసం మొదట సొంత పిన్నితో కట్టించారు, తర్వాత వీధిలోవాళ్ళతో, తర్వాత ఊరంతటితో. కంపెనీ ఆగాక ఆఫీసు విజయవాడలో ఉంది, ఏజెంటు మాత్రం ఊళ్ళోనే ఉన్నాడు. గుమ్మం ముందుకు వచ్చి నిలబడేవాళ్ళకు ఆయనే కంపెనీ. రాష్ట్ర ప్రభుత్వం పదివేల లోపు కట్టినవారికి 2019లో, ఇరవైవేల లోపు కట్టినవారికి 2021లో చెల్లించింది. కానీ పిన్నికి, ఆమె అక్కకొడుక్కి మధ్య తెగిన మాటను ఏ ప్రభుత్వం చెల్లిస్తుంది?

ఈ రెండు కథలకు తేడా చూశారా? ఒకచోట డబ్బు చేసిన పనికి వచ్చింది. రెండోచోట పాతవారికి ఇవ్వాల్సిన డబ్బుకు కొత్తవారు కట్టేదే ఆధారం. కాబట్టి మీరు చేరిన సంస్థలో మొదటి నెలలోనే తెలుసుకోవలసింది ఒకటుంది. నా జీతం ఎవరి జేబులోనుంచి వస్తోంది? సరుకు కొన్నవాడు, పని చేయించుకున్నవాడు ఇచ్చిన డబ్బయితే ఇబ్బంది వచ్చినా ఆలోచించటానికి వ్యవధి ఉంటుంది. మీరు తెచ్చిన కొత్త సభ్యుడు కట్టిన డబ్బయితే వ్యవధి లేదు. ఆ నెలలోనే బయటికి రావాలి, ఎంత కమిషను వచ్చినా సరే.

నాలుగు రోజులు ఆగకూడని సందర్భం ఇంకొకటి కూడా ఉంది. తప్పుడు లెక్క మీద మీతో సంతకం పెట్టించాలని చూస్తే. సత్యం కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులో ప్రత్యేక కోర్టు పదిమందికి శిక్ష వేసింది. (తర్వాత మే నెలలో పై కోర్టు శిక్ష అమలును నిలిపి బెయిల్ ఇచ్చింది.) ఆ పదిమందీ యజమానులు కాదు. జీతానికి పనిచేసిన ఉద్యోగులు కూడా అందులో ఉన్నారు. "పైవాళ్ళు చెప్పారు, చేశాను" అన్న మాట కోర్టులో గొడుగు కాలేదు. నన్ను కూడా మా ఓనరు గారు 2019లో ఒక బండి ఫైనాన్సుకు హామీ సంతకం పెట్టమన్నారు. ఆ ఒక్కటీ ఎందుకో పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసే స్థితిలో ఉండేవాణ్ణి కాదు.

అప్పు ఇస్తున్నది ఎవరు?

మనం "జీతం రావటం లేదు" అంటాం. ఆ మాట తప్పు. "నేను యజమానికి అప్పు ఇస్తున్నాను" అనాలి. నోటు లేకుండా, వడ్డీ లేకుండా, హామీ లేకుండా. ఏ బ్యాంకూ ఇవ్వని అప్పును నెలకు పదమూడువేల జీతగాడు ఇస్తున్నాడు! అదీ వేరేచోట అప్పు తెచ్చి.

నా లెక్క చూడండి. ఆ ఏడు నెలలూ ఇల్లు గడవటానికి నెలకు 8 వేల చొప్పున నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఒక్కో ఎనిమిదివేలకు నెలకు వడ్డీ 160. మొదటి నెల అప్పుకు ఆరు నెలల వడ్డీ, రెండోదానికి ఐదు, అలా కలిపితే 21 నెలల వడ్డీ, అంటే 3,360 రూపాయలు. అసలు 56 వేలు. ఓనరు గారి స్థలాల బేరానికి పెట్టుబడి పెట్టింది పరోక్షంగా నేనూ, మా ఊరి వడ్డీవ్యాపారీ అన్నమాట!

అందుచేత నా అభిప్రాయం ఇది. ఒక నెల జీతం ఆలస్యమైతే అడగాలి. రెండో నెల కూడా రాకపోతే, ఉద్యోగం చేస్తూనే వేరే ఉద్యోగం వెతకటం మొదలుపెట్టాలి. ఎవరి అనుమతీ అవసరం లేదు. మూడో నెల జీతం బాకీ పడేలోపు చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని బయటపడాలి. మన ఇళ్ళల్లో మూడు నెలలకు మించి అప్పు మోసే భుజాలు లేవు. మీ ఇంట్లో ఉంటే ఇంకో నెల చూసుకోండి, కాదనను.

"పాత బాకీ పోతుందేమో" అనే భయమే అందర్నీ ఆపేది. తమ్ముళ్ళూ, ఉండిపోతే బాకీ వసూలు కాదు, పెరుగుతుంది. కొత్త పెట్టుబడిదారు వస్తున్నాడు, బాకీలన్నీ తీరుస్తాడు అనే మాట కూడా నమ్మి కూర్చోవద్దు. జెట్ ఎయిర్‌వేస్ విమానాలు 2019 ఏప్రిల్ 17న ఆగాయి. కొత్త యజమానుల ప్రణాళికకు 2021లో అనుమతి వచ్చింది. చివరకు 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు కంపెనీని మూసి ఆస్తులు అమ్మమంది. ఐదున్నరేళ్ళు! పెద్ద కంపెనీ దివాలా తీస్తే కార్మికుల 24 నెలల జీతం బాకీకి చట్టం ముందు వరుసలోనే చోటిచ్చింది. కానీ వరుసలో నిలబడటం వేరు, గంటె కంచం మీదికి రావటం వేరు. మెస్సులో చివర నిలబడినవాళ్ళకు తెలుసు.

ఉండదగిన చోటు

ఇబ్బంది వచ్చిన ప్రతి చోటునుంచీ పారిపొమ్మని నా ఉద్దేశం కాదు. నా రూమ్మేటు ఒకడు విజయవాడలోనే ఒక ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవాడు. 2020లో స్కూళ్ళు మూతపడి గైడ్లు, నోటుబుక్కులు, పెళ్ళికార్డులు అన్నీ ఆగాయి. యజమాని పనివాళ్ళనందర్నీ కూర్చోబెట్టి, రావాల్సినదెంత, ఇవ్వాల్సినదెంత, చేతిలో ఉన్నదెంత అని కాగితం మీద రాసి చూపించాడు. "అందరికీ సగం జీతం, నాకు సున్నా. పేపరు కొట్టువాడికంటే ముందు మీకే" అన్నాడు. అన్నట్లే చేశాడు. స్కూళ్ళు తెరిచాక మిగతా సగం కూడా విడతలవారీగా తీర్చాడు. మావాడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, వాడిది సరైన నిర్ణయం.

తేడా ఏమిటంటే, ఈయన లెక్క చూపించాడు, మావారు తేదీ చూపించారు. దసరా, సంక్రాంతి, ఉగాది! పండుగల పేర్లు చెప్పే యజమాని దగ్గర క్యాలెండర్ మారుతుంది గానీ పరిస్థితి మారదు.

ఇంకో సంగతి. ఐదేళ్ళ సర్వీసుకు కొద్ది నెలలే తక్కువ ఉంటే, జీతం ఎంతో కొంత వస్తూ ఉంటే, ఆగి గ్రాట్యుటీ హక్కు తెచ్చుకోవటం మంచిది. పదిమంది పైన పనిచేసే సంస్థలకు గ్రాట్యుటీ వర్తిస్తుంది. లెక్క సులభం. చివరి నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చించి, ఎన్నేళ్ళు చేశామో దానితో హెచ్చించాలి. 13 వేల జీతానికి ఏడాదికి 7,500. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. నాది ఐదేళ్ళ పది నెలలు, అంటే ఆరేళ్ళు, 45 వేలు. అకౌంటెంటునై ఉండి ఈ సంగతి నాకు తెలియదు! ఊళ్ళో కూర్చున్నాక మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన చెబితే తెలిసింది. (2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కోడ్ ప్రకారం, గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తుంది. కాంట్రాక్టు కాగితాల మీద చేరే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.)

బయటికి వచ్చేముందు చేతిలో ఉండవలసినవి

కోపంగా ఓనరు గారి బల్ల మీద తాళాలు విసిరి రావటం సినిమాలో బాగుంటుంది. మనం అలా రాకూడదు. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పులు, స్లిప్పులు ఇవ్వకపోతే జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు, హాజరు రిజిస్టరులో మన పేజీ ఫోటో, ఇవన్నీ మానేస్తున్నామని చెప్పకముందే ఇంటికి చేరాలి. చెప్పాక కొన్ని బీరువాలకు తాళాలు పడతాయి. రాజీనామా కాగితం రెండు ప్రతులు రాసి ఒకదానిమీద "అందినది" అని సంతకం, తేదీ తీసుకోవాలి. ఇవ్వనంటే రిజిస్టర్డ్ పోస్టు చేయండి. అందులో బాకీ జీతం ఎన్ని నెలలదో, మొత్తమెంతో అంకెల్లో రాయండి. "బాకీలన్నీ ముట్టినవి" అని రాసిన ఓచరు మీద డబ్బు చేతికి రాకుండా సంతకం పెట్టవద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

టెన్త్, ఇంటర్, డిగ్రీ, కుల ధ్రువీకరణ ఒరిజినల్స్ చేరేటప్పుడే ఇవ్వవద్దు. చూపించండి, జిరాక్సు ఇవ్వండి. కాలేజీల్లో లెక్చరర్లుగా చేరే మనవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని జీతం ఆపుతారు, పోతామంటే సర్టిఫికెట్లు ఆపుతారు. మన బీదరికాన్నంతా ఏళ్ళ తరబడి కాగితంగా మార్చుకుంటే వచ్చినవి అవి. ఇంకొకరి బీరువాలో ఎందుకుండాలి?

ఇక పి.ఎఫ్. ఇరవైమంది పైన ఉన్న సంస్థ కట్టి తీరాలి. మన జీతంలో నూటికి పన్నెండు పట్టుకుంటారు, యజమాని కూడా అంతే వెయ్యాలి. పట్టుకున్నది కట్టారో లేదో యు.ఏ.ఎన్. నంబరుతో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్కు తెరిస్తే నెలనెలా కనపడుతుంది. సంస్థ కుంటుతున్నదనటానికి ఇంతకంటే ముందుగా వచ్చే ఉత్తరం లేదు. నేను 2020 ఏప్రిల్‌లో మొదటిసారి చూశాను. 2018 ఫిబ్రవరితో ఆగిపోయింది! ఆ తర్వాత 18 నెలలపాటు నెలకు 1,560 చొప్పున నా జీతంలో కోశారు, 28 వేల పైమాట, కట్టలేదు. రెండేళ్ళ ముందే ఒక్కసారి చూసి ఉంటే నేను గన్నవరం గోడౌనులో ఉండేవాణ్ణి. ఉద్యోగం మారినప్పుడు పి.ఎఫ్. తీసి ఖర్చుపెట్టకుండా కొత్త సంస్థకు బదిలీ చేయించుకోండి. పదేళ్ళు పూర్తయితేనే పెన్షను హక్కు వస్తుంది.

బాకీ కోసం లేబర్ ఆఫీసుకు పోవచ్చు. వకీలు లేకపోయినా పోవచ్చు. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. రాజీనామా చేసినవాడి బాకీ రెండు పనిదినాల్లో తీర్చాలి. ఇవ్వకపోతే మూడేళ్ళలోపు క్లెయిము వెయ్యవచ్చు. మా రోజుల్లో పాత చట్టం ప్రకారం ఏడాదిలోపే వెయ్యాల్సి ఉండేది. 2020 ఆగస్టులో ఆ సీనియర్ అన్నే దరఖాస్తు రాసిచ్చాడు. రెండు వాయిదాలయ్యాక ఓనరు గారు రాజీకి వచ్చారు. రెండు బళ్ళు అమ్మి మూడు విడతల్లో నాకు 50 వేలు ఇచ్చారు. రావాల్సింది జీతం, గ్రాట్యుటీ కలిపి 1,36,000. మిగతాది వదులుకున్నాను. చివరి విడత ఇచ్చినప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది. నాకు కోపం రాలేదు. ఆయన పెట్టిన దసరా బట్టలు గుర్తొచ్చాయి. అయినా రసీదు మాత్రం సరిచూసి, అంకె అక్షరాల్లో రాసి ఉందో లేదో చూసుకునే సంతకం పెట్టాను.

కానూరు తమ్ముడి మాట. మర్నాడే ఫోను చేశాడు. ముందు పాస్‌బుక్కు తెరవమన్నాను. పదకొండు నెలలుగా పి.ఎఫ్. కట్టలేదట. నెలరోజుల్లో మంగళగిరి వైపు వేరే చోట చేరాడు, జీతం వెయ్యి తక్కువ. పాత బాకీ క్లెయిము లేబర్ ఆఫీసులో నడుస్తోంది, ఇంకా తేలలేదు.

ఈసారి వార్షికోత్సవం రోజున భోజనాలయ్యాక మెస్ హాలు వెనుక వరండాలో నేను, ఆ సీనియర్ అన్న, లెక్కలు తెలిసిన ఇంకో ఇద్దరు పూర్వ విద్యార్థులం సాయంత్రం దాకా కూర్చుంటాం. ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా రావచ్చు. యు.ఏ.ఎన్. నంబరు, ఆధార్‌కు కలిపిన ఫోను, అపాయింట్‌మెంట్ లెటరు జిరాక్సు తెచ్చుకోండి. లెటరే ఇవ్వలేదంటారా, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చుకోండి.